బేస్‌బాల్ ఓనర్లకు చట్టం నుంచి ఈ మినహాయింపు ఇంకా ఎందుకు?

వేణు, కొలంబస్:
మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఓనర్లకూ ఆటగాళ్ల యూనియన్‌కూ ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. మళ్లీ లాకౌట్, అంటే ఓనర్లే ఆటగాళ్లను బయట పెట్టి ఆట ఆపేయడం, తప్పదని మా ఆఫీసులో అందరూ అంటున్నారు. పోయినసారి 2021 డిసెంబరు 2న మొదలై 99 రోజులు నడిచింది. ఈసారి ఓనర్లు సాలరీ క్యాప్ (ఒక టీము ఇచ్చే జీతాల మొత్తానికి పరిమితి) కోసం పట్టుబడతారని టాక్. ఇదంతా చదువుతుంటే ఒకటి మాత్రం మింగుడు పడలేదు. పోటీదారులంతా కూడబలుక్కుని ధరల్నీ జీతాల్నీ తొక్కిపెట్టకూడదని అమెరికాలో 1890 నుంచీ షెర్మన్ యాంటీట్రస్ట్ చట్టం ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు వర్తిస్తుంది, బాస్కెట్‌బాల్‌కు వర్తిస్తుంది, బాక్సింగ్‌కూ వర్తిస్తుంది. బేస్‌బాల్‌కు మాత్రం 1922లో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు ఇప్పటికీ నడుస్తోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. దీన్ని ఎత్తేయాలా, వద్దా? ఎత్తేస్తే ఈ లాకౌట్ల గోల తగ్గుతుందా?

సన్నీవేల్ ప్రభాకర్:
ఎత్తేయాలి. ఇందులో రెండో మాట లేదు.

1970ల దాకా ప్రతి ఆటగాడి కాంట్రాక్టులో రిజర్వ్ క్లాజు అని ఒకటుండేది. ఏడాది కాంట్రాక్టు అయ్యాక ఆటగాడు కొత్తదాని మీద సంతకం పెట్టకపోయినా పాతదాన్నే ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు క్లబ్బుది. ఆ ఏడాదీ అయిపోతే? మళ్లీ పొడిగింపు. రిటైరయ్యేదాకా ఇంతే. వేరే క్లబ్బు అతన్ని పిలవకూడదు, అతను వెళ్లకూడదు. క్లబ్బు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మేసుకోవచ్చు.

కర్ట్ ఫ్లడ్ అని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండు సీజన్లు ఆడిన సెంటర్ ఫీల్డర్. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు వరసగా ఏడు. 1969 అక్టోబరులో అతన్ని ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేశారు, అడగను కూడా అడగలేదు. క్రిస్మస్ ముందురోజు కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశాడు, నా ఇష్టంతో పని లేకుండా కొని అమ్మే సరుకును కాను అని. అప్పటికి అతని జీతం 90 వేల డాలర్లు. ఫిలడెల్ఫియా లక్ష ఇస్తామంది. వద్దని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో ఓడించింది. ఆ తీర్పు మొదటి భాగంలో జస్టిస్ బ్లాక్‌మన్ పాతకాలపు ఆటగాళ్ల పేర్లు ఎనభైకి పైగా వరసపెట్టి మురిసిపోయాడు. తర్వాత ఏమన్నాడు? ఈ మినహాయింపు వింతదే, కానీ సరిదిద్దాల్సింది కాంగ్రెస్, మేం కాదు అన్నాడు. తప్పని తెలిసీ చేతులు దులుపుకున్నారు. 1922లో ఇది ఆట, వ్యాపారం కాదు అన్నారు. యాభై ఏళ్ల తర్వాత కూడా అదే పాట.

లాయర్‌గారబ్బాయి:
చిన్న సవరణ. 1922 తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ బేస్‌బాల్ వ్యాపారం కాదని ఎక్కడా అనలేదు. వ్యాపారమే అన్నాడు. ఆ వ్యాపారం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో జరిగే ప్రదర్శన, ఆటగాళ్లు రాష్ట్రాల సరిహద్దులు దాటి రైలెక్కడం దానికి కొసరు మాత్రమే, కాబట్టి అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు అన్నాడు. ఈ "ఆట కాబట్టి వదిలేశారు" అన్నది అందరూ తప్పుగా చెప్పే మాట.

మధురవాడ మస్తాన్:
పదేళ్లకు 700 మిలియన్ డాలర్లు తీసుకునే ఒహ్తానీలాంటి ఆటగాడికి యూనియన్ ఒకటి, దాని మీద మనకు చర్చ ఒకటి.

రాజన్న, మిల్వాకీ:
ప్రభాకర్‌గారు ఫ్లడ్ దగ్గరే ఆగిపోయారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

ఫ్లడ్ ఓడిపోయాడు. కోర్టు వల్ల ఒక్క ఆటగాడికీ ఒక్క డాలరూ రాలేదు. వచ్చింది ఎక్కడి నుంచి? 1966లో ఆటగాళ్లు ఉక్కు కార్మికుల సంఘం నుంచి మార్విన్ మిల్లర్ అనే ఆయన్ని తెచ్చుకున్నారు. 1968లో మొదటి ఒప్పందం, కనీస జీతం 6 వేల నుంచి 10 వేలకు. 1970లో తగాదాలు తటస్థ ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలని రాయించుకున్నాడు. ఓనర్లకు అప్పుడు దాని విలువ తెలియలేదు. 1975లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అని ఇద్దరు పిచర్లు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా సీజన్‌లోకి దిగారు. ఆర్బిట్రేటర్ పీటర్ సైట్జ్ ఆ రిజర్వ్ క్లాజునే తీసి చదివాడు. ఒక ఏడాది పొడిగించవచ్చని ఉంది, ఎప్పటికీ అని లేదు కదా అన్నాడు. డిసెంబరు 23న తీర్పు. ఓనర్లు వెంటనే ఆయన్ని పీకేశారు, కోర్టులకు వెళ్లారు, అక్కడా ఓడిపోయారు. 1976లో సగటు జీతం 51 వేల డాలర్లు, 1980కి లక్షా 43 వేలు. సుప్రీంకోర్టు యాభై ఏళ్లలో చేయలేని పనిని ఒప్పందంలో రాయించుకున్న ఒక్క నిబంధన చేసింది.

తర్వాత 1985 నుంచి మూడేళ్లు ఓనర్లు కుమ్మక్కై ఫ్రీ ఏజెంట్లను, అంటే కాంట్రాక్టు ముగిసి ఏ క్లబ్బుకైనా వెళ్లగల ఆటగాళ్లను, ఎవరూ కొనకుండా కూర్చున్నారు. దాన్ని పట్టుకున్నదీ ఒప్పందమే. కుమ్మక్కు కూడదన్న వాక్యం అందులోకి ఎలా వచ్చిందో తెలుసా? 1966లో కోఫాక్స్, డ్రైస్‌డేల్ అనే ఇద్దరు పిచర్లు కలిసి బేరమాడారని భయపడి ఓనర్లే అడిగారు. మిల్లర్ అది రెండు పక్షాలకూ వర్తించాలన్నాడు. చివరికి 1990లో 280 మిలియన్ డాలర్లు కట్టారు. యాంటీట్రస్ట్ చట్టం పేరెత్తకుండానే. ఇప్పుడు చెప్పండి, ఆ మినహాయింపు ఉంటే ఎంత, పోతే ఎంత?

సియాటెల్ చక్రి:
ఇద్దరూ అభిమాని సంగతి మర్చిపోయారు. సాలరీ క్యాప్ పెట్టండి, అన్ని టీములకూ అవకాశం వస్తుంది. బాస్కెట్‌బాల్‌లో 1984 నుంచి ఉంది, ఫుట్‌బాల్‌లో 1994 నుంచి ఉంది. ఎవరూ చచ్చిపోలేదు. సోటో అనే ఒక్క ఆటగాడికి 765 మిలియన్లు ఇచ్చే టీముతో పోటీ పడమంటే చిన్న ఊళ్ల టీములు ఎక్కడి నుంచి తెస్తాయి?

సన్నీవేల్ ప్రభాకర్:
చక్రిగారూ, టీము ఖాతా పుస్తకాలు ఓనర్లు మీకు చూపించారా? చూపిస్తే నాకూ పంపండి.

రాజన్నగారూ, 1970లో ఓనర్లు ఆర్బిట్రేషన్‌కు ఎందుకు ఒప్పుకున్నారో ఆలోచించండి. సరిగ్గా అదే ఏడు ఫ్లడ్ కేసు న్యూయార్క్ కోర్టులో నడుస్తోంది. జాకీ రాబిన్సన్ వచ్చి ఫ్లడ్ తరఫున సాక్ష్యం చెప్పాడు. ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ రాలేదు, అది వేరే బాధ. ఇది యూనియన్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం, కోర్టులకు సంబంధం లేదు అని ఓనర్ల లాయర్లు వాదిస్తున్నారు. అలా వాదిస్తూ బేరానికి రాము అని ఎలా అంటారు? పదేళ్ల సర్వీసు, అందులో చివరి ఐదేళ్లు ఒకే టీములో ఉన్నవాణ్ని అతని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదన్న 1973 నియమం ఎవరి గొడవలోంచి పుట్టింది? కత్తి గోడకు వేలాడుతున్నా చాలు, భయం ఉంటుంది.

పోనీ, 280 మిలియన్లు అన్నారు. యాంటీట్రస్ట్ కేసు గెలిస్తే నష్టానికి మూడింతలు కట్టాలి. అదీ లెక్కలోకి తీసుకోండి.

ఇంకొకటి. మీ మిల్లర్ 1976లో ఏం చేశాడు? సైట్జ్ తీర్పుతో ఆటగాళ్లందరూ స్వేచ్ఛ పొందే అవకాశం వస్తే, ఆరేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకే ఫ్రీ ఏజెన్సీ అని ఒప్పుకున్నాడు. అందరూ ఒక్కసారి మార్కెట్‌లోకి వస్తే ధర పడిపోతుందని ఆయన లెక్క. సీనియర్లకు లాభం. కుర్రాళ్లకు? అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మేజర్ లీగ్ క్లబ్బుల కింద చిన్న టీముల్లో ఆడే మైనర్ లీగ్ వాళ్లనైతే ఆ యూనియన్ 2022 దాకా తన మనుషులుగానే చూడలేదు.

లాయర్‌గారబ్బాయి:
ప్రభాకర్‌గారూ, పైన మీరు రాసిన "ఆట, వ్యాపారం కాదు" అన్నది ఇంకా అలాగే ఉంది. సవరించండి.

శిరీష:
మైనర్ లీగ్ అన్నారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మేం ఉండే ఊళ్లో అప్పట్లో ఒక చిన్న మైనర్ లీగ్ టీము ఉండేది. మా పక్కింటి ముసలి దంపతులు సీజన్‌లో ఆటగాళ్లకు గది ఇచ్చేవాళ్లు, ఊరికే. అద్దె కట్టే స్తోమత వాళ్లకు ఉండేది కాదు. ఒక ఏడు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన పిల్లాడు ఉన్నాడు, ఇరవై కూడా ఉండవు. ఫ్రిజ్‌లో తన వాటా గుడ్ల మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాడు. ఆ పెద్దావిడ "ఒరేయ్, అన్నీ నీవేరా" అని ఎన్నిసార్లు చెప్పినా మానలేదట. సీజన్ జరిగినన్నాళ్లే జీతం. చలికాలంలో గోడౌన్‌లో పెట్టెలు మోసేవాడు, ఇంటికి డబ్బు పంపేవాడు. నేను పులిహోర ఇస్తే దాని మీద హాట్ సాస్ పోసుకుని తిన్నాడు. టీవీలో కనిపించే మిలియన్లకూ ఈ పిల్లాడికీ సంబంధం లేదు.

మధురవాడ మస్తాన్:
పులిహోరలో హాట్ సాసా! ముందు దాని మీద కేసు పెట్టండి.

రాజన్న, మిల్వాకీ:
శిరీషగారూ, మంచి మాట చెప్పారు. ఆ పిల్లాడి జీతం పెంచింది ఎవరో కూడా చెప్పుకుందాం. యాంటీట్రస్ట్ పేరుతో మైనర్ లీగ్ ఆటగాళ్లు వేసిన కేసును 2017లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. 2018లో కాంగ్రెస్ ఏం చేసింది? రెండు వేల పేజీలు దాటిన ఖర్చుల బిల్లులో ఒక మూల, వీళ్లకు ఓవర్‌టైమ్ వర్తించదని చేర్చేసింది. ప్రభాకర్‌గారు నమ్ముకున్న చట్టసభ చేసిన పని అదీ. 2022 సెప్టెంబరులో మైనర్ లీగ్ వాళ్లు యూనియన్‌లో చేరారు. ఏడు నెలలు తిరక్కముందే, 2023 మార్చి చివరికి, ఒప్పందం వచ్చింది. అన్నింటికన్నా కింది మెట్టు జీతం ఏడాదికి 4,800 నుంచి 19,800 డాలర్లకు, మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్ ఏ స్థాయిలో 17,500 నుంచి 35,800కు. సమ్మె కూడా చేయలేదు.

ఇక మూడింతల సంగతి. కుమ్మక్కైతే మూడింతలు కట్టాలన్న నిబంధనను యూనియన్ 1990 ఒప్పందంలో రాయించుకుంది. అదీ అయిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు. 1996లో ఫుట్‌బాల్ కేసు ఒకటి, బ్రౌన్ కేసు అంటారు. యూనియన్‌తో బేరసారాల సంబంధం ఉన్నంతకాలం ఓనర్ల మీద యాంటీట్రస్ట్ కేసు కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు చెప్పే కత్తి తియ్యాలంటే ముందు యూనియన్‌ను రద్దు చేసుకోవాలి. 2011లో ఫుట్‌బాల్ ఆటగాళ్లు అదే చేశారు. ఓనర్ల కల నెరవేర్చి మరీ కేసు గెలవాలా? పైగా ఈ షెర్మన్ చట్టం పుట్టిన కొత్తలో దేనికి వాడారో చూడండి. కనెక్టికట్‌లో డాన్‌బరీ టోపీల కార్మికులు బాయ్‌కాట్‌కు పిలుపిస్తే, 1908లో సుప్రీంకోర్టు యూనియన్ మీదే ఆ చట్టం ప్రయోగించింది. కార్మికుల ఇళ్లు, బ్యాంకు ఖాతాలు జప్తుకు పెట్టారు. ఈ చట్టం కార్మికుడి చుట్టం కాదు.

గుంటూరు కారం తినే గోపి:
మన అంబటి రాయుడి సంగతి గుర్తొచ్చింది. 2007లో క్రికెట్ బోర్డు గుర్తించని ఐసీఎల్ అనే లీగ్‌లో చేరాడని బోర్డు తలుపులు మూసేసింది. 2009లో క్షమాభిక్ష అని పిలిచి మళ్లీ తీసుకున్నారు. ఇండియాకు ఆడేసరికి 2013. ఇలాంటివి బేస్‌బాల్‌లోనూ ఉన్నాయా?

లాయర్‌గారబ్బాయి:
ఉన్నాయి. 1946లో డానీ గార్డెల్లా అనే అతను న్యూయార్క్ జెయింట్స్‌ను వదిలి మెక్సికన్ లీగ్‌కు వెళ్లాడు. కమిషనర్ ఐదేళ్ల నిషేధం పెట్టాడు. గార్డెల్లా కేసు వేస్తే 1949లో అప్పీలు కోర్టు విచారణ జరపాల్సిందే అంది. ఓనర్లు వెంటనే నిషేధం ఎత్తేసి అతనితో డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. సుప్రీంకోర్టు దాకా పోనివ్వలేదు. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2013లో క్రికెట్ బోర్డుకు 52.24 కోట్ల జరిమానా వేసింది. 2015లో ట్రిబ్యునల్ కొట్టేసింది, 2017లో కమిషన్ మళ్లీ వేసింది. మన దగ్గర కనీసం కేసు నడుస్తుంది.

సన్నీవేల్ ప్రభాకర్:
చూశారా రాజన్నగారూ, గార్డెల్లా! యూనియన్ లేదు, సమ్మె లేదు, జెండా లేదు. ఒక్క మనిషి, ఒక్క కేసు, ఓనర్లు దిగొచ్చారు. మీరు మాత్రం దేన్ని చూసినా గేటు ముందు నిలబడి జిందాబాద్ కొట్టడమే. ప్రపంచంలో ప్రతివాడికీ యూనియన్ ఉండదండీ. ఉన్నవాళ్లకు లేనివాళ్ల గోడు ఎక్కదు. 1,200 మంది కోటీశ్వరుల క్లబ్బుకు మీరు ఎర్రజెండా కడుతున్నారు, అంతే.

రాజన్న, మిల్వాకీ:
గేటు ముందు నిలబడ్డవాడి కొడుకునే నేను. మీకు జోకుగా ఉంది.

మా నాయన ఒక నూలు మిల్లులో పని చేసేవాడు. మిల్లు మూసేశాక బకాయిల కోసం కోర్టుకు పోయారు. వాయిదా, ఇంకో వాయిదా, జడ్జి లేడు, ఫైలు లేదు. ప్రతి వాయిదాకూ ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు, సాయంత్రం అదే చొక్కా మాసిపోయి వచ్చేది. ఆ కేసు తేలకముందే పోయినవాళ్లు ఉన్నారు. చివరికి డబ్బు చేతికొచ్చింది తీర్పుతో కాదు. మిగిలినవాళ్లంతా కలిసి గేటు ముందు కూర్చుంటే, మెషీన్లు బయటికి కదలనివ్వకపోతే, యాజమాన్యం దిగొచ్చి సంతకం పెట్టింది. కోర్టు అంటే మీకు హక్కు కనిపిస్తుంది. నాకు ఆ చొక్కా కనిపిస్తుంది. ఫ్లడ్ కూడా అంతే. 1970 సీజనంతా ఆడలేదు, 1971లో వాషింగ్టన్‌కు పదమూడు ఆటలు ఆడి వదిలేశాడు. తీర్పు వచ్చేసరికి కెరీర్ లేదు. మీరు పొగుడుతున్న ఆ ఒక్క మనిషిని ఆ ఒక్క కేసే తినేసింది.

సియాటెల్ చక్రి:
క్యాప్ గురించి ఎవరైనా మాట్లాడతారా?

వేదిక నిర్వాహకులు:
వ్యక్తిగత విమర్శలు ఆపండి. విషయం మీద మాట్లాడండి. లేకపోతే చర్చ మూసేస్తాం.

సన్నీవేల్ ప్రభాకర్:
మీ నాన్నగారి మీద నేనేమీ అనలేదు. ఆయనకు పక్కన కూర్చోవడానికి నలుగురు ఉన్నారు. నాకు లేరు. అందుకే చెప్తున్నాను.

నేను ఒక కన్సల్టెన్సీ ద్వారా హెచ్1బీ మీద వచ్చాను. పేరెందుకు. కాలిఫోర్నియాలో నన్ను పెట్టిన కంపెనీ, మా దగ్గరే నేరుగా చేరిపో అంది. కన్సల్టెన్సీ వాడు కాంట్రాక్టు తీసి చూపించాడు. మా క్లయింటు దగ్గర చేరకూడదు, చేరితే ఇంత కట్టాలి, కేసు వేస్తాం అన్నాడు. వీసా వాడి చేతిలో. ఇంట్లో చెప్పలేదు. నాలాంటివాళ్లం అందరం వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు ఆఫీసుల్లో ఉన్నాం. ఏ గేటు ముందు కూర్చోవాలి, రాజన్నగారూ? ఒక లాయర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ఒక పేజీ ఉత్తరం రాసింది. ఉద్యోగి వేరేచోట చేరకూడదన్న షరతులు కాలిఫోర్నియాలో 1872 నుంచే చెల్లవు అని. అంతే, వాడు మళ్లీ ఫోన్ చేయలేదు. కేసు నడవలేదు, వాయిదా లేదు. చట్టం ఉందని ఇద్దరికీ తెలిసింది, చాలింది.

ఇప్పుడు బేస్‌బాల్ స్కౌట్‌ను తీసుకోండి. ఊరూరా తిరిగి కుర్రాళ్లను చూసి, ఎవడు పనికొస్తాడో రాసుకొచ్చే మనిషి. ఒక క్లబ్బు స్కౌట్‌ను ఇంకో క్లబ్బు పిలవాలంటే మొదటి క్లబ్బు అనుమతి కావాలి, జీతాలు అలాగే తొక్కిపెడుతున్నారు అని వాళ్లు కేసు వేశారు. 2017లోనే రెండో సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. ఆరోపణ నిజమా కాదా అని కూడా చూడలేదు. బేస్‌బాల్ కదా, చట్టం వర్తించదు, ఇంటికి పొండి. వాళ్ల లాయర్ ఏ ఉత్తరం రాయాలి? 2020 తర్వాత మైనర్ లీగ్‌లో అనుబంధ టీములను 160 నుంచి 120కి కుదించారు. ఊడిపోయిన టీముల్లో కొన్ని కేసు వేస్తే అదీ కింది కోర్టుల్లో అంతే. సుప్రీంకోర్టు దాకా వెళ్లబోతుంటే 2023 నవంబరులో రాజీ చేసుకున్నారు. గార్డెల్లా నాటి ఎత్తే.

శిరీష:
మా ఊరి టీము కూడా ఆ కోతలోనే పోయింది. స్టేడియం ఉంది.

లాయర్‌గారబ్బాయి:
మీరిద్దరూ ఒకే చట్టం గురించి కొట్టుకుంటూ దాని పేరు ఎత్తడం లేదు. 1998 అక్టోబరులో క్లింటన్ సంతకం పెట్టిన కర్ట్ ఫ్లడ్ చట్టం. ఫ్లడ్ అప్పటికి పోయి ఏడాది దాటింది. అది మినహాయింపును ఎవరికి ఎత్తేసింది? మేజర్ లీగ్ ఆటగాళ్లకు మాత్రమే. మైనర్ లీగ్‌కు కాదు, అంపైర్లకు కాదు, టీములను ఊరు మార్చే విషయంలో కాదు, కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కు కాదు. శాన్ హోసే నగరం ఓక్లాండ్ టీము కోసం కేసు వేస్తే 2015లో అప్పీలు కోర్టు చెప్పింది కూడా అదే.

ఇప్పుడు దీని పక్కన రాజన్నగారు చెప్పిన 1996 బ్రౌన్ తీర్పు పెట్టి చదవండి. యూనియన్ ఉన్నవాడు యూనియన్ ఉన్నంతకాలం ఆ చట్టం వాడుకోలేడు. 1998లో ఆ చట్టాన్ని ఇచ్చింది సరిగ్గా వాళ్లకే. యూనియన్ లేనివాళ్లకే అది అక్కరకొస్తుంది, వాళ్లకు మాత్రం ఇవ్వలేదు. ఇది పొరపాటు కూడా కాదు. 1994 సమ్మె 232 రోజులు నడిచి వరల్డ్ సిరీస్ రద్దయ్యాక, ఓనర్లూ యూనియనూ కలిసి కాంగ్రెస్‌ను అడుగుతామని 1996-97 ఒప్పందంలో రాసుకున్నారు. బేరం కుదుర్చుకున్న ఇద్దరికీ నొప్పి లేకుండా రాశారు.

సన్నీవేల్ ప్రభాకర్:
నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే కదా!

రాజన్న, మిల్వాకీ:
లేదు. మీరు మొదట ఫ్లడ్ గురించి చెప్పారు, కోటీశ్వరుల గురించి చెప్పారు. స్కౌట్ల గురించి ఇప్పుడే చెప్పారు.

స్కౌట్లకు చట్టం వర్తించాలంటే నాకేం అభ్యంతరం? వర్తించనివ్వండి. కానీ మినహాయింపు మొత్తం ఎత్తేసే బిల్లు అంటూ ఒకటి వస్తే అందులో ఓనర్ల లాబీ ఏం దూరుస్తుందో 2018లో చూశాం. ఖర్చుల బిల్లులో మూలన పెట్టిన ముక్క. యూనియన్ ఒప్పందం జోలికి రాకుండా, లేనివాళ్లకు మాత్రమే అని రాసే మొనగాడు వాషింగ్టన్‌లో ఎవరున్నారో చూపించండి. అప్పటిదాకా స్కౌట్లు కూడా యూనియన్ కార్డులు నింపడమే మేలు అంటాను. మైనర్ లీగ్ వాళ్లు తిండికి లేకుండా చేయగలిగారు, వీళ్లు చేయలేరా?

సన్నీవేల్ ప్రభాకర్:
మైనర్ లీగ్ కుర్రాళ్లు ఒకే బస్సులో తిరుగుతారు, ఒకే గదిలో ఆరుగురు పడుకుంటారు. స్కౌట్ ఒక్కడే కారులో తిరుగుతాడు. పక్క క్లబ్బు స్కౌట్ వాడికి పోటీదారుడు. మీరు కార్డులు ఎవరి చేతికిస్తారో చెప్పండి ముందు.

రాజన్న, మిల్వాకీ:
ఆ పక్క స్కౌట్ చేతికే. పోటీదారుడని ఓనరే చెప్పాడు వాడికి. 1965లో ఆటగాళ్లకూ అదే చెప్పారు.

సన్నీవేల్ ప్రభాకర్:
పదేళ్లు ఎవరూ చేరకపోతే?

రాజన్న, మిల్వాకీ:
మీ కోర్టు నూరేళ్లకు పైగా తీసుకుంటోంది కదా. వీళ్లకు పదేళ్లు ఇవ్వలేమా?

లాయర్‌గారబ్బాయి:
2021లో కాలేజీ ఆటల కేసు తీర్పులో సుప్రీంకోర్టు జస్టిస్ గోర్సచ్ 1922 తీర్పు మీద ఉన్న విమర్శలను గుర్తుచేశాడు. కాబట్టి కోర్టు ఏదో ఒక రోజు మార్చవచ్చు. అయితే ప్రతిసారీ కేసు అక్కడికి చేరేలోపే ఓనర్లు రాజీ చేసుకుంటున్నారు. ప్రభాకర్‌గారూ, ఆ హోమ్స్ వాక్యం ఇంకా సవరించలేదు.

వేణు, కొలంబస్:
చాలా తెలిసింది, అందరికీ థాంక్స్. ఇంతకీ నా రెండో ప్రశ్న మిగిలింది. మినహాయింపు ఎత్తేసినా లాకౌట్ ఆగదన్నమాటేనా? 2027 సీజన్ టికెట్ల డిపాజిట్ కట్టాలా ఆగాలా అని చూస్తున్నాను.

రాజన్న, మిల్వాకీ:
ఆగదు. లాకౌట్ లేబర్ చట్టం కిందిది. 1995 మార్చి 31న ఓనర్ల మీద ఇంజంక్షన్ ఇచ్చి సమ్మెకు తెర దించిన జడ్జి సోనియా సోటోమయోర్ వాడింది కూడా లేబర్ చట్టమే. డిపాజిట్ సంగతి మాత్రం రీఫండ్ షరతులు చూసుకుని కట్టండి.

సియాటెల్ చక్రి:
క్యాప్ ఒప్పుకుంటే లాకౌటే ఉండదు. మొదటి నుంచీ చెప్తున్నాను, ఎవరూ వినరు.

సన్నీవేల్ ప్రభాకర్:
చక్రిగారూ, మీకు కూడా జవాబు రాస్తాను. రేపు మీటింగ్ అయ్యాక. క్యాప్ అనేది అందరు ఓనర్లూ కూర్చుని జీతం ఇంతకు మించకూడదని అనుకోవడమే. ఆ పనే సబ్బుల కంపెనీలు చేస్తే జైలు.

రాజన్న, మిల్వాకీ:
యూనియన్ సంతకం పెడితే కాదు.

సన్నీవేల్ ప్రభాకర్:
రేపు రాస్తానన్నాను కదా.